అమ్ములు కుర్చీ ఎందుకు వాలుతుంది?

ఐదో తరగతి పిల్లలందరికీ,

మొన్న గేటు దగ్గర మీలో ఇద్దరు ముగ్గురు నన్ను ఆపి అడిగారు కదా, "తాతగారూ, అమ్ములు క్లాసులో తన చక్రాల కుర్చీ వాల్చుకుని పడుకుంటుంటే టీచర్ ఏమీ అనరేంటి?" అని. ఇంతలో బెల్లు కొట్టేశారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. అమ్ములుకి చదివి వినిపించాను, తను సరే అన్నాకే పంపిస్తున్నాను.

ముందు మీరొక పని చేయండి. రేపు ఒక పీరియడ్ మొత్తం బెంచీ మీద కదలకుండా కూర్చోండి. కాలు జరపకూడదు, పక్కకి ఒరగకూడదు. మీ వల్ల కాదు. కూర్చున్నప్పుడు ఒంటి బరువులో ఎక్కువ భాగం పిరుదుల కిందుండే రెండు ఎముకల మీద పడుతుంది. ఎముకకీ బెంచీకీ మధ్య కండా చర్మమూ నలిగి, అక్కడి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం ఆడక నొప్పి పుడుతుంది, మీకు తెలియకుండానే ఒక పక్కకి జరుగుతారు. రోజంతా మనందరం చేసేది అదే.

అమ్ములుకి అలా జరగడం కుదరదు. తనకి సెరిబ్రల్ పాల్సీ. మెదడు ఎదిగే తొలి రోజుల్లోనే దెబ్బతినడం వల్ల కండరాలు తను చెప్పిన మాట వినవు. కొన్ని బిగుసుకుపోతాయి, కొన్నిటికి పట్టు ఉండదు. ఇది ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునేది కాదు. ఇక తెలివి సంగతి, లెక్కల్లో తన మార్కులు మీకు తెలుసు! కానీ కదలకుండా గంటలకొద్దీ అలాగే కూర్చుంటే చర్మం ముందు ఎర్రబడుతుంది, తర్వాత పుండు పడుతుంది. అలాంటి పుండు మానడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే తను కుర్చీని వాలుస్తుంది. మీరు బెంచీ మీద జరగడం ఎలాగో, తను వాలడం అలాగన్నమాట.

మీరు ఊరెళ్ళేటప్పుడు బస్సులో పుష్‌బ్యాక్ సీటు చూసే ఉంటారు. అందులో వీపు ఒక్కటే వెనక్కి పోతుంది, సీటు కదలదు. కాసేపటికి మనం ముందుకి జారిపోతాం. అమ్ములు అలా జారితే చర్మం ఒరుసుకుంటుంది, కాళ్ళు బిగుసుకుంటాయి. అందుకని ఈ కుర్చీలో సీటూ వీపూ కలిసే వాలతాయి. నడుము దగ్గరా మోకాళ్ళ దగ్గరా వంపు ఏమీ మారదు, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెనక్కి వెళ్తుంది. బరువు పిరుదుల మీద నుంచి వీపు మీదకి మళ్ళుతుంది. కొంచెం వాలిస్తే పెద్దగా లాభం ఉండదు. 30 డిగ్రీలు దాటితేనే ఒత్తిడి బాగా తగ్గుతుంది. అందుకే తను సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తున్నంతగా వాలుతుంది. అప్పుడూ పాఠం వింటూనే ఉంటుంది.

మధ్యాహ్నానికి మెడ అలిసిపోయి తల ముందుకి వాలిపోతుంటే కూడా ఇదే సాయం. అయితే అన్నం తినేటప్పుడు మాత్రం కుర్చీ నిటారుగా ఉండాలి. వెనక్కి వాలి మింగితే ముద్ద గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోవచ్చు. ఇది గట్టిగా చెప్తున్నాను: ఎంత ప్రేమ ఉన్నా సరే, వాలి ఉన్నప్పుడు తన నోట్లో చాక్లెట్ పెట్టకండి.

సీటు కింద ఒక చిన్న మోటారు ఉంది. అది తిరిగితే స్క్రూలా మరలున్న కడ్డీ బయటికి సాగుతూ సీటుని వాలుస్తుంది. కరెంటు రెండు 12 వోల్టుల బ్యాటరీల నుంచి వస్తుంది, రెండూ కలిస్తే 24. రాత్రి మీ ఇంట్లో ఫోన్లు ఛార్జింగ్ పెట్టే వేళకే మేం దీన్నీ పెడతాం. బాగా వాలి ఉన్నప్పుడు కుర్చీ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. వెనక తగిలించే బ్యాగులు బరువుని వెనక్కి లాగుతాయి, కాబట్టి మీ బ్యాగులు దానికి తగిలించొద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చెప్తాను. ఇదివరకటి కుర్చీ కూడా వాలేది. కానీ వెనక నుంచి ఎవరో ఒక పెద్దవాళ్ళు మీట నొక్కి వాల్చాలి. నొప్పి తనది, మీట మా చేతిలో. వాళ్ళమ్మ వంటింట్లో ఉంటే, నేను ఫోన్లో ఉంటే, ఆగేది. పిలవడానికే తనకి ఎంత కష్టమో మీకు తెలుసు. కొన్నిసార్లు పిలవడం మానేసేది. ఇప్పుడు కుడిచేతి కింద కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ ఉంది, దాని పక్కనే వాల్చే బటన్. వచ్చిన రోజు ఇల్లంతా తిరిగి, పడగ్గది తలుపు పెచ్చు లేపేసింది. వాళ్ళమ్మ ఆ పెచ్చుని చూసి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇంత చిన్న పిల్లకి మోటారు కుర్చీ ఏమిటని కొందరన్నారు. రెండు మూడేళ్ళ పిల్లలు కూడా నేర్పిస్తే చక్కగా నడపగలరని పరిశోధనల్లో ఎప్పుడో తేలింది. చెయ్యి కదలనివాళ్ళు గడ్డంతోనో తలతోనో నడిపే ఏర్పాట్లు కూడా ఉన్నాయి.

కాబట్టి ఆ జాయ్‌స్టిక్ ముట్టుకోవద్దు, అడగకుండా కుర్చీ పట్టుకుని ఊగొద్దు. అది తన ఒంట్లో భాగం లాంటిదే. తను వాలి ఉన్నప్పుడు మాట్లాడాలంటే పక్కకొచ్చి, ముఖం కనపడేలా నిలబడండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

కుర్చీ బరువు వంద కిలోల పైమాటే, ఆటోలోకి ఎక్కించలేం. మెట్రో నయం, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. మొన్న మన హైదరాబాద్ ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌కి తార్నాకలో ఎక్కి, అమీర్‌పేటలో మారి వెళ్ళాం. రైలు ప్రయాణం హాయిగా జరిగిపోయింది. ఇంటి నుంచి స్టేషన్‌కి చేరడమే పెద్ద టెన్షన్. ఫుట్‌పాత్ మీద ఒకచోట బైకులు, ఇంకోచోట ట్రాన్స్‌ఫార్మర్, మరోచోట పలకలు లేచిపోయి గుంట. ఆ చిన్నపిల్ల బస్సుల పక్కన రోడ్డు మీదే నడపాల్సి వచ్చింది. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మీ బడిలోనూ ఒక చిక్కుంది. లైబ్రరీ ముందు మెట్టు ఉండటంతో మీరంతా లోపలుంటే తను వరండాలో ఉంటోంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులన్నీ ఇలాంటి పిల్లలు లోపలికి రాగలిగేలా ఉండాలి. ర్యాంప్ లెక్క మీకే వదిలేస్తున్నాను: ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు. మెట్టు 15 సెంటీమీటర్లుంటే 180 సెంటీమీటర్ల ర్యాంప్ కావాలి. అసలు ఎత్తెంతో మీరే కొలవాలి. శనివారం హెడ్‌మాస్టర్ గారిని కలవడానికి వస్తున్నాను, కొలతలు కాగితం మీద రాసి ఉంచండి. టేపు లేకపోతే అమ్ములు దగ్గర ఉంది, అడగండి.

ఇట్లు,
అమ్ములు వాళ్ళ తాతయ్య