సూపర్‌హీరో కామిక్స్‌లో ప్రాంకులు, శరీరాల మార్పిడి: అపోహలు – వాస్తవాలు

కామిక్స్‌కు కథలు, స్క్రిప్టులు రాయడం నా వృత్తి. ఇద్దరి మనసులు ఒకరి శరీరంలోంచి మరొకరి శరీరంలోకి మారిపోయే కథలు, ఒక పాత్ర మిగతా అందరినీ ఆటపట్టించే కథలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. రాసేవారికి మాత్రం రెండింటిలోనూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: అసలు సంగతి పాఠకుడికి ఎప్పుడు తెలియాలి, పాత్రలకు ఎప్పుడు తెలియాలి? ఈ కథల గురించి తరచుగా వినిపించే కొన్ని అభిప్రాయాలను ఆ ప్రశ్న ముందు పెట్టి చూస్తాను.

అపోహ: ఇవి పెద్ద కథల మధ్య ఖాళీ నింపడానికి రాసే తేలిక కథలు.

వాస్తవం: 1963 జనవరి తేదీతో వచ్చిన నలుగురు హీరోల జట్టు కథైన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 10వ సంచికలో, ఆ జట్టుకు ప్రధాన శత్రువైన డాక్టర్ డూమ్, జట్టు నాయకుడు రీడ్ రిచర్డ్స్ శరీరంలోకి చేరి, రీడ్‌ను తన శరీరంలోకి నెట్టేస్తాడు. స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి చేసిన ఈ కథలో స్నేహితులే అసలు రీడ్‌ను శత్రువనుకుని బంధిస్తారు. నిజం బయటపడే తీరు నాకు ఎంతో ఇష్టం. జట్టులో మంటను అదుపు చేయగల జానీ తన వేడితో, పేలబోతున్న డైనమైట్ ఉన్నట్టు ఒక భ్రమను సృష్టిస్తాడు. రీడ్ రూపంలో ఉన్నవాడు తన ప్రాణం కాపాడుకోవాలని చూస్తాడు, డూమ్ రూపంలో ఉన్నవాడు మిగతావారిని కాపాడాలని చూస్తాడు. శరీరాల మార్పిడి అనే చిక్కుముడిని విప్పింది ఒక ప్రాంకే. మనిషి ఎవరో ముఖం చెప్పలేకపోయిన చోట అతని ప్రవర్తన చెప్పింది. ఇంత బరువు మోసిన కథను ఖాళీ నింపే కథ అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: మార్పిడి జరిగిందన్న రహస్యాన్ని చివరిదాకా దాచితేనే ఆసక్తి నిలుస్తుంది.

వాస్తవం: దాచడం ఉన్న పద్ధతుల్లో ఒకటి మాత్రమే. ఫెంటాస్టిక్ ఫోర్ కథలో మార్పిడి మన కళ్ల ముందే జరుగుతుంది, తెలియనిది పాత్రలకే. కాబట్టి అక్కడ నడిపించేది ఆశ్చర్యం కాదు, ఆందోళన. డూమ్ మాటను మిత్రులు నమ్మే ప్రతి ఫ్రేమ్‌లోనూ పాఠకుడు నిస్సహాయంగా నిలబడవలసి వస్తుంది. ఇందుకు పూర్తిగా భిన్నమైనది 2012లో డాన్ స్లాట్ రాసిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 698వ సంచిక. అందులో స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ పార్కర్ ఎప్పటిలాగే తన పనులు చేసుకుంటున్నట్టు కనిపిస్తాడు. ఆ శరీరంలో ఉన్నది అతని శత్రువు డాక్టర్ ఆక్టోపస్ అని సంచిక ముగింపులో గాని మనకు తెలియదు. తెలిశాక మొదటి పేజీకి వెళ్లి మళ్లీ చదివితే అవే మాటలు మరో అర్థంతో వినిపిస్తాయి. ఇలా రాయడం చాలా కష్టం, ఎందుకంటే ప్రతి వాక్యమూ రెండు చదువులకూ నిజాయితీగా నిలవాలి; ఎక్కడైనా పాఠకుడిని అబద్ధంతో మోసగిస్తే రెండో చదువులో దొరికిపోతాం. మూడో పద్ధతి ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ 66, 67 సంచికలలో ఉంది. పీటర్ నిద్ర లేచేసరికి ‘ఎక్స్‌మెన్’ అనే హీరోల జట్టులోని వుల్వరిన్ శరీరంలో ఉంటాడు. మార్పిడి సంగతి మనకు వెంటనే తెలుస్తుంది, దానికి కారణమే ఆలస్యంగా తెలుస్తుంది. ఆ పని చేసింది అదే జట్టులోని, మనసులపై శక్తి ఉన్న జీన్ గ్రే. కొత్త రచయితలు ఎవరైనా అడిగితే, మార్పిడిని ఎలా జరిపించాలన్న దానికంటే ముందు ఈ మూడింటిలో ఏ పద్ధతి తమ కథకు సరిపోతుందో తేల్చుకోమని చెబుతాను.

అపోహ: రూపం మారదు కాబట్టి చిత్రకారుడికి కొత్త పనేమీ ఉండదు, సంభాషణ మారిస్తే చాలు.

వాస్తవం: సినిమాలో నటుడి గొంతు, నడక సాయం చేస్తాయి. కామిక్స్‌లో గొంతు లేదు, కదలిక లేదు, ఉన్నది నిలిచిపోయిన బొమ్మ మాత్రమే. అందువల్ల భుజాలు వంగిన తీరు, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడు, ఎదుటివారికి ఎంత దూరంలో నిలబడ్డాడు అన్నవే లోపలి మనిషిని పట్టిస్తాయి. మాటల బుడగ ఆకారం, రంగు, అక్షరాల తీరు మార్చడం కూడా ఒక మార్గమే, కానీ రహస్యం దాచే కథలో ఆ మార్గం మూసుకుపోతుంది. నా స్క్రిప్టులలో ప్రతి ఫ్రేమ్ దగ్గరా శరీరం ఎవరిదో, మనసు ఎవరిదో రెండు పేర్లూ రాస్తాను. అలా రాయకపోతే పదో పేజీకి వచ్చేసరికి చిత్రకారుడే కాదు, నేనూ తడబడతాను.

అపోహ: శరీరాల మార్పిడి అంటే పరకాయ ప్రవేశమే.

వాస్తవం: పరకాయ ప్రవేశంలో వెళ్లేవాడు ఒక్కడే. మార్పిడిలో రెండోవాడు కూడా ఎక్కడో మెలకువగా ఉంటాడు, తన జీవితాన్ని మరొకరు జీవిస్తుంటే చూస్తుంటాడు.

అపోహ: ఏ శక్తికీ హద్దు లేని చిలిపి పాత్రతో ఏ కథైనా రాయవచ్చు.

వాస్తవం: హద్దు లేని పాత్రతోనే కథ రాయడం కష్టం. 1944లో ‘సూపర్‌మ్యాన్’ 30వ సంచికలో కనిపించిన మిస్టర్ మిక్సిజ్‌పిట్లిక్ వాస్తవాన్నే తలకిందులు చేయగలడు. బలంతో అతణ్ని గెలవడం సూపర్‌మ్యాన్‌కు కూడా సాధ్యం కాదు. అందుకే ఒక నియమం ఏర్పడింది: తన పేరును తానే వెనుక నుంచి ముందుకు పలికితే అతడు తన లోకానికి తిరిగి వెళ్లిపోవాలి. ఆ ఒక్క నియమంతో కథ యుద్ధం నుంచి తెలివి పోటీగా మారింది. ఆటపట్టించడానికి వచ్చినవాణ్ని ఆటపట్టించే పంపాలి. ఇది పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి, ఈసారి ఆ పేరు ఎలా పలికిస్తారన్నదే ఎదురుచూపు అవుతుంది.

అపోహ: ప్రాంక్ విలన్లు 1954 నాటి కామిక్స్ కోడ్ (కామిక్స్‌లో హింస వంటివాటిని అదుపు చేసిన నియమావళి) వల్ల పుట్టారు.

వాస్తవం: సూపర్‌మ్యాన్‌కు ప్రాంక్‌స్టర్ అనే విలన్ 1942లోనే ఎదురయ్యాడు. 1940లో మొదటిసారి కనిపించిన బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ అప్పుడే హంతకుడు. కోడ్ కాలంలో అతడు అల్లరివాడిగా మెత్తబడ్డాడు, 1973లో ‘బ్యాట్‌మ్యాన్’ 251వ సంచికతో మళ్లీ ప్రమాదకారి అయ్యాడు.

అపోహ: చివరికి ఎవరి శరీరం వారికి వచ్చేస్తుంది, ఏమీ మారదు.

వాస్తవం: శరీరాలు తిరిగి రావచ్చు, జరిగినవి మాత్రం వెనక్కి పోవు. 1979లో ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ 166 నుంచి 168 వరకు నడిచిన కథలో విలన్లు హీరోల శరీరాల్లోకి చేరారు. 2004లో వచ్చిన ‘ఐడెంటిటీ క్రైసిస్’ ఆ పాత కథను తవ్వి, హీరోల రహస్య వివరాలు తెలుసుకున్న ఆ విలన్ల జ్ఞాపకాలను మాంత్రికురాలైన హీరో జటానా చెరిపేసిందని చెప్పింది. పాతికేళ్ల కిందటి సరదా కథ అలా హీరోల నైతికతకే పరీక్షగా మారింది. ఆక్టోపస్ విషయంలోనూ అంతే. 2013లో మొదలై 31 సంచికల పాటు సాగిన ‘సుపీరియర్ స్పైడర్‌మ్యాన్’లో అతడు పీటర్ పేరుతో డాక్టరేటు సంపాదించాడు, సంస్థను స్థాపించాడు. పీటర్ తిరిగి వచ్చాక అవన్నీ అతని నెత్తిన పడ్డాయి.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆలోచింపజేసేది సైలాక్ కథ. ‘ఎక్స్‌మెన్’లో సైలాక్ అనే పేరుతో ఉన్న ఎలిజబెత్ బ్రాడాక్ అనే ఇంగ్లీషు మహిళ 1989లో ఆసియా మహిళ రూపంలో కనిపించింది, అది క్వానన్ అనే మరో స్త్రీ శరీరమని ఆ తర్వాతి సంవత్సరాల్లో తేలింది. 2018 దాకా ఎవరి శరీరం వారికి చేరలేదు. అన్నేళ్లూ కథ ప్రధానంగా ఎలిజబెత్‌ది. శరీరం పోగొట్టుకున్న క్వానన్ కథలో ఒక పక్కకే పరిమితమైంది. తన శరీరం తనకు దక్కాక 2019లో సైలాక్ అనే పేరు కూడా ఆమెదే అయింది. ఆ కథ చదివినప్పటి నుంచి, మార్పిడి కథ రాసే ప్రతిసారీ నేను ముందుగా రాసే పేజీ శరీరం పోగొట్టుకున్న మనిషిదే.