బ్యాడ్జీ బొమ్మ వెనక ఏముండాలి?

విశాఖలో ఓడల పనికి, పైపుల పనికి వచ్చిన వెల్డర్‌ని ఐటీఐ సర్టిఫికెట్ ఒక్కటే చూసి పనిలోకి దించరు. ముందు ప్లేటు ఇచ్చి టెస్టు పెడతారు. బల్లపరుపు జాయింటు 1జీ, అడ్డం 2జీ, నిలువు 3జీ, తలపైన చేసేది 4జీ. 1జీ పాసైనంత మాత్రాన 4జీ అప్పగించరు. వెల్డ్ చేసిన ప్లేటుని పట్టీలుగా కోసి వంచుతారు. రూట్ (జాయింటు అడుగున పడే మొదటి అతుకు) సరిగ్గా అతకకపోతే పగులు అక్కడే నోరు తెరుస్తుంది. పాసయ్యాక కూడా ఆ వెల్డింగ్ పద్ధతిలో 6 నెలలు పని చేయకపోతే, ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ ప్రకారం అర్హత పోతుంది.

డిజిటల్ బ్యాడ్జీ, అంటే ఫలానా పని వచ్చని ఆన్‌లైన్‌లో ఇచ్చే గుర్తింపు బొమ్మ, చేయాల్సిన పనీ ఇదే. మెకార్థర్ ఫౌండేషన్ తోడ్పాటుతో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా, ఇలాంటి బ్యాడ్జీలకు ఉమ్మడి ప్రమాణంగా 2011లో ఓపెన్ బ్యాడ్జెస్‌ని ప్రకటించింది. ఎవరిచ్చారు, ఎవరికి, ఏ ప్రమాణంతో, ఏ తేదీన అన్న వివరాలను పీఎన్‌జీ బొమ్మ ఫైల్లోనే కూర్చడం అందులోని అసలు కొత్తదనం. రుజువుకీ గడువుకీ గడులు పెట్టారు కానీ వాటిని తప్పనిసరి చేయలేదు. అవి ఖాళీగా ఉన్న బ్యాడ్జీ హాజరుపట్టీతో సమానం.

రెండో చిక్కు సర్వరుది. ఎక్కువగా వాడిన పద్ధతిలో, జారీ చేసినవారి వెబ్ పేజీ బతికుంటేనే బ్యాడ్జీ నిజమో కాదో తేలేది. సంస్థ మూతపడితే కష్టపడి నేర్చుకున్నవాడికి రుజువు మిగలదు. 2017లో ఓపెన్ బ్యాడ్జెస్ బాధ్యత విద్యా సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఐఎంఎస్ గ్లోబల్‌కి మారింది. 2024లో వచ్చిన 3.0 వెర్షన్ ఆ వెబ్ పేజీ మీద కాకుండా, బ్యాడ్జీతో పాటే ఉండే డిజిటల్ సంతకం మీద నడుస్తుంది.

మన దగ్గర చదువునీ నైపుణ్య శిక్షణనీ క్రెడిట్లలో కొలిచే 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 30 గంటల అభ్యాసాన్ని ఒక క్రెడిట్‌గా లెక్కిస్తుంది. మదింపు ఉన్నా, తలపైన రూట్ పడుతుందో లేదో ఆ అంకె చెప్పదు. బ్యాడ్జీ చెప్పగలదు.

అందుకే గాజువాకలో వెల్డింగ్ నేర్పేవారు ‘వెల్డింగ్’ అని ఒకే బ్యాడ్జీ ఇవ్వకూడదు. 3జీకి ఒకటి, 4జీకి ఒకటి విడివిడిగా ఇవ్వాలి. సెంటరు మెయిల్‌కి కాకుండా కుర్రాడి సొంత మెయిల్‌కే పంపాలి, లేదంటే కోర్సు అయ్యాక అది వాడి చేతికి రాదు. గడువు గడిలో 6 నెలల తేదీ వేసి వదిలేస్తే, రోజూ పనిలో ఉన్నవాడి బ్యాడ్జీ కూడా చెల్లకుండా పోతుంది. ఫోర్‌మన్ పని రిజిస్టరు చూసి, గడువు తీరకముందే కొత్తది జారీ చేయాలి. రుజువుగా రూట్ వైపు ఫొటో, వంచిన పట్టీల ఫొటో జతచేయాలి. పట్టీ మీద పంచ్ కొట్టిన వెల్డర్ నంబరు ఫొటోలో కనపడకపోతే, అది ఎవరి ప్లేటైనా కావచ్చు.