రాయికీ రాయికీ మధ్య సున్నం లేని ఊరు

దక్షిణ ఇటలీలోని పుల్యా ప్రాంతంలో అల్బెరోబెల్లో అనే చిన్న ఊరుంది. గరాటును బోర్లించినట్టుండే రాతి కప్పుల ఇళ్లు అక్కడి ప్రత్యేకత. వాటిని త్రుల్లి అంటారు. ఇప్పుడు వాటిలో ఎన్నో దుకాణాలుగా, పర్యాటకుల బసలుగా మారాయి. ఇక్కడ దేన్ని కాపాడుకోవాలో తేల్చుకోవాలంటే, ఆ గోడల్లో సున్నం ఎందుకు లేదో ముందు తెలియాలి.

పదిహేడో శతాబ్దంలో ఈ ప్రాంతం నేపుల్స్ రాజ్యంలో ఉండేది. కొత్త ఊరు వెలిస్తే ప్రభువు రాజుకు పన్ను కట్టాలి. ఇక్కడి ప్రభువులైన కొన్వెర్సానో కౌంటులు రైతులను తెచ్చి ఇక్కడ నిలిపారు కానీ, అది ఊరని ఒప్పుకోలేదు. సున్నం లేకుండా పేర్చిన ఇంటిని ఎప్పుడైనా విప్పేయవచ్చు. 1644లో పన్ను తప్పించుకోవడానికి అలాగే విప్పించారు. మాట వినని రైతును వెళ్లగొట్టడానికీ ఈ కట్టుబడే పనికొచ్చేది. ఇదంతా కౌంటు తెలివి అని ఈ కథ చెప్పుకొని మురిసేవారిని చూస్తే బాధేస్తుంది. నిలువ నీడ పోయింది రైతుకే కదా!

పైగా ఆ పనితనం కౌంటుది కాదు. తవ్వితే సున్నపురాయి తగిలే నేలలో రైతులు ముందునుంచీ ఎరిగిన విద్య అది. రెండు వరుసల గోడ కట్టి నడుమ రాళ్ల ముక్కలు నింపుతారు. కప్పులో ప్రతి వరుసనూ కింది వరుసకన్నా కాస్త లోపలికి జరుపుతూ పోయి, కొనన ఒక్క రాయితో మూస్తారు. దానిపై పలకరాళ్లను బయటికి వాలుగా పరుస్తారు. జారిన వాన నీరు ఇంటి కింది తొట్టిలోకి చేరుతుంది.

1797లో నేపుల్స్ రాజు నాలుగో ఫెర్డినాండ్ ఈ ఊరిని కౌంటుల పాలన నుంచి విడిపించాడు. అప్పటికి జనాభా 3,500 దాటింది. సున్నంతో కట్టిన తొలి ఇల్లు ఆ వెంటనే లేచింది. అది కొత్త మేయరుది.

1996లో యునెస్కో ఈ త్రుల్లిని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. రియోనె మోంతి పేటలో 1,030, అయా పిక్కొలా పేటలో 590 ఉన్నాయి. సున్నం లేకుండా రాయి పేర్చే విద్యకు 2018లో ఇటలీ సహా ఎనిమిది దేశాల పేరిట విడిగా గుర్తింపు దక్కింది. నా దృష్టిలో అసలు ఆస్తి ఈ రెండోదే. కప్పులో పలక జారితే సిమెంటు పూయడం ఎవరికైనా చేతనవును. చుట్టూ ఉన్న రాళ్లు తీసి, కొత్త రాయి అంచును సుత్తితో చెక్కి, కదలకుండా కూర్చోబెట్టడానికి మాత్రం పని తెలిసిన మేస్త్రీ కావాలి. ఆ మేస్త్రీ పక్కన ఒక కుర్రవాడు నిలబడి నేర్చుకుంటూ ఉండాలి.