ఊరూ పేరూ తెలియని దాత

"ఇంట్లో ఎవరిదీ మ్యాచ్ కాలేదమ్మా, బయటి దాత దొరుకుతారేమో చూద్దాం." బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఈ మాట వినే ఉంటారు. తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలాయె. అందుకే ఎక్కువ కుటుంబాల ఆశ బయటి దాత మీదే ఉంటుంది. అసలు ఏ బంధుత్వమూ లేని మనిషి తన ఎముకల మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఇచ్చి ప్రాణం నిలబెట్టడం ఎప్పుడు మొదలైంది? మనవాళ్లకు ఆ మనిషి దొరకడం ఎందుకింత కష్టం?

తొలి ప్రయత్నాల్లో ఒకటి ఒక ప్రమాదం తర్వాత జరిగింది. 1958 అక్టోబర్ 15న అప్పటి యుగోస్లావియాలో, బెల్‌గ్రేడ్ దగ్గర వించా అణు పరిశోధన కేంద్రంలో రియాక్టర్ అదుపు తప్పి ఆరుగురికి విపరీతమైన రేడియేషన్ తగిలింది. రక్తాన్ని తయారు చేసేది ఎముకల లోపలి మజ్జ, మనం మూలుగ అంటామే అదే. రేడియేషన్ ముందు దాన్నే దెబ్బతీస్తుంది. వాళ్లను ప్యారిస్ తీసుకెళ్తే అక్కడ జార్జ్ మాతే అనే డాక్టరు ఐదుగురికి ఫ్రెంచి దాతల మజ్జ ఎక్కించారు. ఒకరు చనిపోయారు, నలుగురు బతికారు. ఎక్కించిన మజ్జ వాళ్ల ఒంట్లో శాశ్వతంగా నిలవలేదు. సొంత మజ్జ కోలుకున్నాక అది పోయింది. అయినా, ఎవరో తెలియని విదేశీయుల కోసం తమ ఎముకల్లో సూది గుచ్చించుకున్న వాళ్ల ధైర్యానికి ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

అదే ఏడాది ప్యారిస్‌లోనే జీన్ డాసే తెల్ల రక్తకణాల మీద ఉండే ఒక గుర్తును కనిపెట్టారు. హెచ్‌ఎల్‌ఏ అనే ఈ గుర్తుల వ్యవస్థను బట్టే ఒళ్లు తనదేదో పరాయిదేదో పోల్చుకుంటుంది. గుర్తులు కలవకపోతే రోగి ఒళ్లు కొత్త మజ్జను తోసేయొచ్చు. అంతకన్నా భయంకరంగా, కొత్త మజ్జలోంచి పుట్టిన కణాలే రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద దాడి చేయొచ్చు. అమెరికాలో డొనాల్ థామస్ 1957లోనే మజ్జ ఎక్కించి చూసినా ఎక్కువ కాలం ఎవరూ బతకకపోవడం, 1960ల్లో చాలా బృందాలు ఆశ వదులుకోవడం ఇందువల్లే. థామస్ మాత్రం వదల్లేదు. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది.

1968లో అమెరికాలోని మిన్నెసోటాలో, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని ఒక పసివాడికి అక్క మజ్జ ఎక్కించి బతికించారు. 1973లో న్యూయార్క్‌లో అలాంటి జబ్బే ఉన్న ఐదేళ్ల పిల్లాడికి ఇంట్లో ఎవరూ కుదరకపోతే, డెన్మార్క్‌లోని ఒక బ్లడ్ బ్యాంకు ద్వారా దాత దొరికాడు. ఒకసారి ఎక్కిస్తే సరిపోలేదు. మళ్లీ మళ్లీ ఎక్కించారు. ఏడోసారికి కుదురుకుంది.

అంటే వైద్యం ఒక దారికి వచ్చింది, కావాల్సింది ఎవరి గుర్తులు ఏమిటో రాసిపెట్టుకున్న పేర్ల జాబితా. దాన్ని మొదలుపెట్టింది ఒక తల్లి. షర్లీ నోలన్ కొడుకు ఆంథొనీ 1971లో అరుదైన రక్తవ్యాధితో పుట్టాడు. ఇంట్లో దాత లేడు. వైద్యం కోసం ఆమె కొడుకుతో ఆస్ట్రేలియా నుంచి లండన్ చేరి, 1974లో దాతల రిజిస్టరు మొదలుపెట్టారు. ప్రపంచంలో ఇలాంటిది అదే మొదటిది. 1979లో, ఎనిమిదేళ్లు నిండకుండానే ఆంథొనీ చనిపోయాడు. కొడుకు కోసం పెట్టిన రిజిస్టరులో కొడుక్కి దాత దొరకలేదు. ఆ రిజిస్టరు మాత్రం ఆ పిల్లాడి పేరుతోనే ఇవాళ్టికీ నడుస్తోంది. ఈ కథ ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

అదే 1979లో అమెరికాలోని సియాటిల్‌లో లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ ఉన్న పదేళ్ల లారా గ్రేవ్స్‌కు బయటి దాత మజ్జ ఎక్కించారు. దాత ఎక్కడివారో కాదు, చికిత్స చేసిన కేంద్రంలోనే పనిచేసే టెక్నీషియన్! మ్యాచ్ అలా అదృష్టవశాత్తూ కుదిరింది. రెండేళ్లకు జబ్బు తిరగబెట్టి ఆ పాప దక్కలేదు. ఇంకొకరి పిల్లల విషయం అదృష్టానికి వదిలేయకూడదని ఆమె తల్లిదండ్రులు పట్టుబట్టారు. అలాంటి వాళ్ల పోరాటంతోనే 1986లో నౌకాదళం నిధులతో అమెరికా జాతీయ రిజిస్ట్రీ మొదలైంది. జర్మనీలో 1991లో, భార్యకు లుకేమియా వచ్చిన ఒక భర్త మొదలుపెట్టిన దాతల సంస్థే డీకేఎంఎస్. ఇప్పుడు ప్రపంచ రిజిస్ట్రీలన్నీ కలిపితే 4 కోట్లకు పైగా దాతల పేర్లున్నాయి.

మరి మన సంగతి? ముంబయి టాటా మెమోరియల్‌లో 1983లోనే, వెల్లూరు సీఎంసీలో 1986లో మజ్జ మార్పిడి చేశారు. అవి ఇంటివాళ్ల మజ్జతో చేసినవి. బయటి దాతల జాబితా ఆలస్యంగా పెరిగింది. చెన్నైలో దాత్రి అనే దాతల రిజిస్ట్రీ 2009లో మొదలైంది. ఇన్నేళ్లకు దానిలో చేరినవాళ్లు ఐదు లక్షలు దాటారు. ఎనిమిదిన్నర కోట్ల జనాభా కూడా లేని జర్మనీలో దాతలు సుమారు కోటి మంది ఉన్నారు. మనం నూట నలభై కోట్లకు పైగా ఉన్నాం.

హెచ్‌ఎల్‌ఏ తాతముత్తాతల నుంచి వస్తుంది. తెల్లవాళ్ల జాబితాలో మనకు మ్యాచ్ దొరకడం అరుదు. పైగా తరతరాలుగా ఒకే కులంలో, మేనరికాల్లో పెళ్లిళ్లు చేసుకున్న సమాజం మనది. గుంటూరు కుర్రాడికైనా, ఖమ్మం తండాలో తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న పాపకైనా దాత దొరికే అవకాశం ఎక్కువగా ఉండేది వాళ్ల మూలాలే ఉన్నవాళ్లలో. వాళ్లు జాబితాలో లేకపోతే ఎంత పెద్ద ఆసుపత్రైనా ఏం చేయగలదు? అమెరికాలో ఉన్నా తిప్పలు అవే. అక్కడి రిజిస్ట్రీలో పూర్తి మ్యాచ్ దొరికే అవకాశం తెల్లవాళ్లకు 79 శాతమైతే ఆసియా మూలాలున్నవాళ్లకు 47 శాతం. 2007లో లుకేమియా వచ్చిన ఇద్దరు భారత సంతతి యువకుల కోసం వాళ్ల స్నేహితులు 11 వారాల్లో 24 వేలకు పైగా దక్షిణాసియా వాళ్లను చేర్పించారు. ఆ ఇద్దరూ 2008లో చనిపోయారు. వాళ్ల కోసం చేరినవాళ్లు వేరేవాళ్లకు దాతలయ్యారు.

చేరడానికి పట్టేది ఐదు నిమిషాలు. ఒక ఫారం నింపి, దూది చుట్టిన పుల్లను బుగ్గల లోపల కాసేపు రుద్ది కవర్లో పెట్టి ఇవ్వడమే. చిక్కంతా తర్వాత, ఎప్పుడో రెండేళ్లకో ఐదేళ్లకో "మీది మ్యాచ్ అయింది" అని ఫోన్ వచ్చినప్పుడు. "వెన్నెముకలో సూది పొడుస్తారట, నడుము పడిపోతుందట, మనకెందుకురా" అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. వెన్నెముక జోలికి ఎవరూ వెళ్లరు. మజ్జే తీయాల్సి వస్తే మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు. ఇప్పుడు ఎక్కువగా అదీ లేదు. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు చేస్తే మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఒక చేతి నుంచి రక్తం తీసి, మిషన్‌లో మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు గంటల పని. ఒళ్లు నొప్పులు, తలనొప్పి ఉంటాయి, కొద్దిరోజుల్లో తగ్గిపోతాయి.

ఇవ్వడం ఇష్టం లేకపోతే మొదటి ఫోన్‌లోనే చెప్పేయాలి. ఎందుకంటే మూలకణాలు ఎక్కించే ముందు రోగికి గట్టి కీమో ఇచ్చి సొంత మజ్జను పూర్తిగా తుడిచేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే ఆ రోగి ఒంట్లో రక్తం పుట్టే దారే ఉండదు.

ఈమధ్య సగం మ్యాచ్ అయిన అమ్మానాన్నల నుంచే తీసుకునే పద్ధతి బాగా పెరిగింది. మార్పిడి అయిన మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత, చవక మందు ఇస్తే కొత్త కణాల దాడి చాలావరకు అణుగుతుందని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్లు చూపించారు. మన దేశంలో ఎన్నో కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. అయినా అందరి ఇంట్లోనూ ఇవ్వగలిగే ఆరోగ్యం ఉన్నవాళ్లు ఉండరు. వెతుకులాట ఆగలేదు.

దొరికిన రోజున ఎక్కడో సేకరించిన సంచీని చల్లటి పెట్టెలో పెట్టుకుని ఒక మనిషి విమానంలో తెస్తాడు. 72 గంటల్లోపు ఎక్కించేయాలి. మంచం పక్కన స్టాండుకు తగిలిస్తే చూడ్డానికి మామూలు రక్తం సంచీలాగే ఉంటుంది. ఎవరిదని అడిగితే దాత వయసు, ఆడా మగా మాత్రం చెబుతారు. చాలా రిజిస్ట్రీల్లో పేరు తెలియాలంటే కనీసం ఏడాది ఆగాలి, అదీ ఇద్దరూ ఒప్పుకుంటేనే.