బార్లీలో తెగులు నిరోధకతను ఎలా తేలుస్తారు? కొన్ని అపోహలు - వాస్తవాలు

బార్లీ తెలుగు నేలమీద పెద్దగా పండే పంట కాదు. మనకు అది బార్లీ నీళ్లుగానో, మాల్టు పొడిగానో వంటింట్లోకి వచ్చే గింజ మాత్రమే. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానా, పంజాబ్ రైతులకు మాత్రం అది రబీ పంట. చలికాలంలో మంచు పడే ఆ మైదానాల్లో దాన్ని ఎక్కువగా దెబ్బతీసేది పసుపు తుప్పు తెగులు. అక్కడి రైతులు దాన్ని ‘పీలా రతువా’ అంటారు. ఏ రకం ఆ తెగులును తట్టుకుంటుందో, ఏది లొంగిపోతుందో తేల్చే స్క్రీనింగ్ పనిలో నా రబీ కాలమంతా గడుస్తుంది. ఊరికి వచ్చినప్పుడు వరి రైతులూ, వ్యవసాయ డిగ్రీ చదివే పిల్లలూ ఈ పని గురించి అడిగే ప్రశ్నల వెనుక తరచూ కొన్ని అపోహలు ఉంటాయి. వరిలో అగ్గితెగులు పరీక్షల విషయంలోనూ ఇవే అపోహలు ఉన్నాయి కాబట్టి వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: పొలంలో పచ్చగా, మచ్చ లేకుండా నిలిచిన రకమే నిరోధక రకం.

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఒక మొక్క శుభ్రంగా ఉండటానికి దానికి తెగులును తట్టుకునే శక్తి ఉండటం ఒక కారణం మాత్రమే. అసలు శిలీంద్రం ఆ మొక్క దాకా చేరకపోయి ఉండవచ్చు, చేరినా సిద్ధబీజాలు (శిలీంద్రానికి విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు) మొలకెత్తేంత సేపు ఆకు తడిగా ఉండకపోవచ్చు, తెగులు ఉద్ధృతమయ్యేలోగా ఆ రకం కోతకు వచ్చేసి ఉండవచ్చు. ఇలా తప్పించుకోవడం వేరు, తట్టుకోవడం వేరు. అందుకే స్క్రీనింగ్ మడిలో మేము తెగులును అదృష్టానికి వదలము, దాన్ని శ్రద్ధగా పెంచుతాము. పరీక్షకు వచ్చిన లైన్లను, అంటే ఇంకా పరిశీలనలో ఉన్న రకాలను, ఒక్కొక్కటి ఒక వరుసగా విత్తి, వాటి మధ్యలోనూ మడి చుట్టూ తెగులుకు సులభంగా లొంగే రకాలను ఇన్ఫెక్టర్ వరుసలుగా, అంటే తెగులును అంటించే వరుసలుగా, వేస్తాము. జనవరిలో తడి పెట్టిన మడిలో, సాయంత్రం ఎండ వాలాక, సిద్ధబీజాలను నీటిలో కొన్ని చుక్కల ట్వీన్-20 (సిద్ధబీజాలు నీటిలో బాగా కలిసేలా చేసే సబ్బులాంటి ద్రవం) వేసి కలిపి పిచికారీ చేస్తాము. ఆ రాత్రి కురిసే మంచుతో సగం పని నెరవేరుతుంది. చలి వాతావరణం అనుకూలిస్తే దాదాపు రెండు వారాలకు తొలి పొక్కులు పగులుతాయి.

ఆ తరువాత స్కోరు వేయడానికి, అంటే ఏ రకానికి తెగులు ఎంత సోకిందో అంకెల్లో రాయడానికి, వెళ్లినప్పుడు మేము ముందుగా చూసేది పరీక్షలో ఉన్న రకాన్ని కాదు, దాని పక్కనున్న లొంగే రకాన్ని. ఆ పాఠం నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను. ఈ పనిలో చేరిన తొలినాళ్లలో ఒక ఏడాది మడికి ఒక వైపు పొడిగాలి తగిలి తెగులు సరిగా అంటుకోలేదు. ఆ వైపున్న ఇన్ఫెక్టర్ వరుస కూడా దాదాపు పచ్చగానే ఉందన్న సంగతి గమనించకుండా, అక్కడి లైన్లకు సున్నాలు (తెగులు లేదని) వేసి, సంబరంగా పుస్తకంలో రాసుకున్నాను. మరుసటి ఏడాది అవే లైన్లు సరైన తెగులు ఒత్తిడిలో పడి, పోటాకు దాకా పసుపు చారలతో నిండిపోయాయి. ఆ ఏడాది అంతా వాటిపై పెట్టిన శ్రమ వృథా అయింది. పక్కనున్న లొంగే రకం పూర్తిగా పాడైన చోట పచ్చగా నిలిచిన మొక్కకు వేసిన సున్నాకే అర్థం ఉంటుంది. వరి అగ్గితెగులు నర్సరీలో హెచ్.ఆర్.-12 వంటి లొంగే రకాన్ని మడుల చుట్టూ వేయడం వెనుక ఉన్న కారణమూ ఇదే.

అపోహ: ఆకు పసుపుబారితే అది తుప్పు తెగులే.

నత్రజని తగ్గినా, నీరు నిలిచినా, చలి ఎక్కువైనా బార్లీ ఆకు పసుపుబారుతుంది. ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా లాగండి. తుప్పు తెగులైతే వేళ్లకు పసుపుకొమ్ము అరగదీసినట్టు పొడి అంటుతుంది, ఎదిగిన ఆకుమీద ఆ పొక్కులు ఈనెల వెంట కుట్టు వేసినట్టు వరుసగా ఉంటాయి. పోషక లోపమైతే వేళ్లకు ఏమీ అంటదు. ఫిబ్రవరిలో స్కోరు వేసి మడి నుంచి బయటకు వచ్చేసరికి మా ప్యాంట్లు మోకాళ్ల దాకా పసుపుగా మారిపోతాయి. అందుకే ఆ బట్టలతో మరో మడిలోకి వెళ్లకూడదన్న నియమం పెట్టుకున్నాము.

అపోహ: ఒకసారి నిరోధక రకమని తేలితే అది ఎప్పటికీ నిరోధక రకమే.

నిరోధకత అనేది రకానికి మాత్రమే చెందిన గుణం కాదు, ఆ రకానికీ, ఎదురుగా ఉన్న శిలీంద్రపు ఫలానా రేస్‌కూ (ఒకే శిలీంద్రంలో, ఏ రకాలకు సోకగలదన్న దాన్నిబట్టి వేరుచేసే తెగ) మధ్య తేలే ఫలితం. దీనికి బార్లీ చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1935లో అమెరికాలో కాండం తుప్పు తెగులు విజృంభించినప్పుడు, నార్త్ డకోటాలోని కిండ్రెడ్ ఊరికి చెందిన శామ్ లిక్కెన్ అనే రైతు, దెబ్బతిన్న పొలంలో పచ్చగా నిలిచిన ఒక్క మొక్కను గుర్తించి దాని విత్తనాన్ని పెంచాడు. అదే కిండ్రెడ్ రకంగా 1942లో విడుదలయింది. ఆర్‌పీజీ-1 అనే ఒకే ఒక జన్యువు అక్కడి బార్లీని దశాబ్దాల పాటు కాపాడింది. 1980ల చివరికి క్యూసీసీ అనే రేస్ వచ్చి దాన్ని దాటేసింది. ఆ తరువాత ఉగాండాలో బయటపడిన యూజీ-99 అనే కాండం తుప్పు రేస్ ముందు కూడా అది నిలవలేదు.

మన దేశంలో సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ పరిశోధన కేంద్రం తుప్పు తెగుళ్ల రేస్‌లను ఏటా గమనిస్తూ, స్క్రీనింగ్ కేంద్రాలకు అవసరమైన సిద్ధబీజాలను పంపేది ఇందుకే. మైదానాల మండు వేసవిని తట్టుకోలేని తుప్పు శిలీంద్రం కొండ ప్రాంతాల్లో వేసవి గడిపి తిరిగి కిందికి దిగుతుందని ఆగ్రాలో పనిచేసిన శాస్త్రవేత్త కె.సి. మెహతా నిరూపించారు. ఏటా కిందికి దిగేది పాత రేసేనని నమ్మడానికి వీల్లేదు కాబట్టి, కొత్తగా కనిపించిన రేస్‌లను కూడా మేము పిచికారీ చేసే సిద్ధబీజాల మిశ్రమంలో కలుపుతాము.

అయితే ప్రతి నిరోధకతా త్వరగా కూలిపోతుందని అనుకోవడమూ తప్పే. బూడిద తెగులు విషయంలో ఎం.ఎల్.ఓ. అనే జన్యు మార్పు ఇందుకు భిన్నమైన కథ. 1942లో జర్మనీలో ఫ్రైస్‌లెబెన్, లైన్ అనే శాస్త్రవేత్తలు హైసా అనే బార్లీ రకానికి ఎక్స్-కిరణాలు తగిలించి ఈ మార్పును సాధించారు. 1937-38లో ఇథియోపియా నుంచి సేకరించిన నాటు బార్లీలలోనూ ఇదే గుణం సహజంగా కనిపించింది. ఇక్కడ మొక్క కొత్త ఆయుధాన్నేమీ సంపాదించుకోలేదు, శిలీంద్రం లోపలికి చొరబడేందుకు ఆసరాగా వాడుకునే ఒక ప్రోటీన్‌ను కోల్పోయింది. 1979 నుంచి ఐరోపాలో సాగులో ఉన్నా, ఈ నిరోధకత ఇన్నేళ్లూ గట్టిగా నిలిచింది. దానికి చెల్లించే ధర కూడా ఉంది: ఆకులపై తెగులు లేకుండానే చిన్న చిన్న ఎండు మచ్చలు వస్తాయి, వరిలో అగ్గితెగులు కలిగించే శిలీంద్రం ఈ మొక్కలకు మరింత సులభంగా సోకుతుంది. ఒక తెగులుకు వేసిన మంచి మార్కును చూసి ఆ రకం అన్నింటినీ తట్టుకుంటుందని చెప్పలేకపోవడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అపోహ: మొలక దశలో తెగులు సోకిన రకాన్ని వెంటనే తీసేయాలి.

గాజుగదిలో మొలకలపై చేసే పరీక్ష ఎంతో విలువైనది, ఎందుకంటే ఒక్కో రేస్‌ను విడివిడిగా ప్రయోగించి చూడగలిగే చోటు అదే. కానీ కొన్ని రకాలు మొలక దశలో లొంగినా, ఎదిగాక తెగులును నెమ్మదింపజేస్తాయి. పొక్కులు తక్కువగా, చిన్నవిగా, ఆలస్యంగా వస్తాయి. మొలకలను మాత్రమే చూసి తీర్పు చెబితే ఇటువంటి రకాలను మన చేతులతోనే పారేసినవాళ్లమవుతాము. నా అభిప్రాయంలో రైతుకు ఎక్కువ కాలం అండగా ఉండేవి సాధారణంగా ఇవే.

పొలంలో స్కోరు వేసేటప్పుడు మేము రెండు సంగతులు రాస్తాము: తెగులు ఎంత పరుచుకుందన్న శాతం, మొక్క దానికి ఎలా స్పందించిందన్న అక్షరం. మచ్చ చుట్టూ ఆకు ఎండి పొక్కు చిన్నదిగా మిగిలిపోతే ‘ఎమ్మార్’ (ఓ మోస్తరు నిరోధకత), పొక్కు పెద్దదిగా, నిండుగా పొడి రాలుస్తూ ఉంటే ‘ఎస్’ (లొంగేది). శాతాన్ని హెచ్చవేసే గుణకం ఎమ్మార్‌కు 0.4, ఎస్‌కు 1.0. కాబట్టి 40 ఎమ్మార్ స్కోరు 16 అవుతుంది, 20 ఎస్ స్కోరు 20గానే ఉంటుంది. దూరం నుంచి చూస్తే మొదటి రకమే ఎక్కువ జబ్బుపడినట్టు కనిపిస్తుంది, కానీ పక్క పొలానికి తెగులును ఎక్కువగా పంపేది రెండోదే. శాతం విషయంలోనూ కొత్తవారు తడబడతారు: తుప్పు తెగులు తీవ్రతను కొలిచే సవరించిన కాబ్ స్కేలు ప్రకారం ఆకు వైశాల్యంలో 37 శాతం పొక్కులతో నిండితేనే దాన్ని 100గా లెక్కిస్తారు.

అపోహ: అన్ని రకాలకూ ఒకే రోజు స్కోరు వేయడమే న్యాయం.

తూర్పు మైదానాల్లో బైపోలారిస్ శిలీంద్రం కలిగించే ఆకుమచ్చ తెగులు దగ్గర ఈ మాట బెడిసికొడుతుంది. వేడీ తేమా పెరిగేకొద్దీ, మొక్క ముదిరేకొద్దీ ఆ తెగులు వేగం పుంజుకుంటుంది. ఒకే రోజు చూస్తే త్వరగా కంకి వేసిన రకం గోధుమ రంగు మచ్చలతోనూ, ఆలస్యంగా కంకి వేసేది పచ్చగానూ కనిపిస్తాయి. మనం కొలిచింది అక్కడ నిరోధకతను కాదు, పంటకాలాన్ని. అందుకే కంకి వేసిన తేదీని తప్పకుండా రాసుకుని, ఒకే ఎదుగుదల దశలో పోల్చాలి, వీలైతే కొన్ని రోజులకోసారి స్కోరు వేసి తెగులు పెరిగిన తీరును చూడాలి.

అపోహ: ఏ తెగులుకైనా ఒక్క సీజన్ పరీక్ష చాలు.

కాటుక తెగులును ఒక్క సీజన్‌లో తేల్చడం అసాధ్యం. ఆ శిలీంద్రం పూత సమయంలో పువ్వులోకి చేరి, గింజలోని పిండంలో నిద్రాణంగా ఉండిపోతుంది. ఆ ఏడాది గింజ నిండుగా, నిగనిగలాడుతూ, ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. అందుకే పూత దశలో కంకిని చేతిలోకి తీసుకుని, సిద్ధబీజాలు కలిపిన నీటిని సన్నని సూదితో పువ్వు పువ్వులోకీ ఎక్కించి, కంకికి చీటీ కట్టి, దాని గింజలను దాచి, వచ్చే రబీలో మళ్లీ విత్తుతాము. రెండో ఏడాది కంకి బయటపడే రోజున గానీ ఫలితం తెలియదు: లొంగే రకమైతే గింజ ఉండాల్సిన చోటంతా నల్లని పొడి ఉంటుంది, కొద్ది రోజుల్లో ఆ పొడిని గాలి ఎగరేసుకుపోయాక బోడి కాడ మాత్రమే నిలుస్తుంది. ఆ కాడలను లెక్కపెట్టి శాతం రాసేదాకా ఆ రకం పేరు ఎదురుగా ఉన్న గడిని మేము ఖాళీగానే ఉంచుతాము.