గెనుసుగడ్డ తీపి ఎక్కడిది?

శివరాత్రి దగ్గరపడేకొద్దీ తిరుపతి వీధుల్లో తోపుడుబండ్ల మీద రెండు కుప్పలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఉడకేసిన శెనక్కాయలు, రెండోది ఆవిర్లు పోతున్న గెనుసుగడ్డలు. కోస్తావాళ్లకు ఇది చిలగడదుంప, తెలంగాణవాళ్లకు కందగడ్డ. కన్నడసీమ పక్కనే ఉన్నందుకేమో మనకు మాత్రం గెనుసే.

అమ్మకు షుగర్ ఉందని తేలిన ఏడాది నుంచి మా ఇంట్లో గెనుసుగడ్డ మానేశాం. "అంత తియ్యటిది నేను తింటే ఇంకేమన్నా ఉందా" అంటుంది అమ్మ. "షుగర్‌కు అదే మందు వదినా, రోజూ తిను" అంటుంది పక్కింటి అత్త. రెండూ సరైన మాటలు కావు. గడ్డను ఎట్లా వండారు, ఎంత తిన్నారు, దేనికి బదులు తిన్నారు అన్నది చూడాలి.

ఉర్లగడ్డ భూమిలో ఊరే కాండం, అందుకే దానికి కళ్లుంటాయి. గెనుసు మాత్రం అచ్చమైన వేరు. తూటికూరకు దగ్గరి చుట్టమైన ఈ తీగ, తర్వాతి చిగుళ్ల కోసం పిండిపదార్థాన్ని ఆ వేరులో దాచుకుంటుంది. ఆ పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ అనే ఎంజైమ్ కూడా అందులోనే ఉంటుంది. పచ్చిగా కొరికితే గడ్డ పెద్ద తీపి ఉండదు. వేడి 60 డిగ్రీలు దాటాక పిండి రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. అప్పుడు అమైలేజ్ వాటిని తుంచి మాల్టోస్ అనే చక్కెర చేస్తుంది. వేడి 80 డిగ్రీలు మించితే ఎంజైమ్ చాలావరకు చచ్చుబడిపోతుంది. అంటే తీపంతా ఈ రెండింటి మధ్య గడ్డ ఎంతసేపు ఉందన్న దాన్నిబట్టే. మా అవ్వ రాత్రి వంటయ్యాక పొయ్యి కుమ్ములో గడ్డలు పూడ్చిపెట్టేది. నిదానంగా వేడెక్కి, లోపలి నీరు ఇంకి, అవి పొద్దున్నకు తేనె కారేవి. చిన్నప్పుడు అది అవ్వ చేతి మహిమ అనుకునేవాణ్ని.

కాల్చిన గడ్డ రక్తంలోకి చక్కెరను కూడా వేగంగానే వదులుతుంది. జమైకాలో పండే 10 రకాల గెనుసుగడ్డలను వండి చూసి 2011లో ఫలితాలు ప్రచురించారు. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకెను గ్లైసెమిక్ సూచిక అంటారు. ఉడికించినవాటికి అది 41 నుంచి 50 దాకా ఉంటే, కాల్చినవాటిది 79 నుంచి 93 దాకా వచ్చింది. గడ్డ అదే, పొయ్యి మీద చేసే పని మారితే ఇంత తేడా! షుగర్ ఉన్నవాళ్లు తోలుతోనే ఉడికించి తినడం మేలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

అదీ అన్నానికి బదులు తినాలి, అన్నం మీద కాదు. 100 గ్రాముల గెనుసుగడ్డలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు, పీచు 3 గ్రాములు. అంతే తూకం తెల్లన్నంలో పిండిపదార్థం 28 గ్రాములు, పీచు అర గ్రాము కూడా ఉండదు. కడుపు నిండిన తృప్తి, పొద్దున్నే సాఫీగా విరేచనం, రెండూ ఆ పీచు చలవే. పొటాషియం కూడా బాగానే ఉంటుంది. అందుకే కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదు.

కంటిచూపుకు మంచిదన్న మాట దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ నారింజరంగు కండ ఉన్న గడ్డల్లో పుష్కలం. ఆఫ్రికాలో పిల్లల విటమిన్ ఎ లోపాన్ని తగ్గించడానికి ఆ రకాలనే ఊరూరా పంచారు. ఆ కృషికి ముగ్గురు శాస్త్రవేత్తలు 2016 ప్రపంచ ఆహార బహుమతిలో భాగం అందుకున్నారు. మన బండ్ల మీద ఎక్కువగా దొరికేది తోలు ఎరుపు, కండ తెలుపు. తోలు రంగు చూసి మోసపోవద్దు, తెల్లకండలో కెరోటిన్ నామమాత్రమే. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ భూ సోనా అనే నారింజ రకాన్ని తయారుచేసింది. మన రైతులు దాన్ని వేయాలని, మన అంగడికి అది రావాలని నాకెంతో ఆశ.

కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె పదార్థం తోడుండాలి. గెనుసులో మాంసకృత్తులూ తక్కువే, 100 గ్రాములకు గ్రామున్నర. ఈ రెండు లోట్లనూ తీర్చేవి ఆ బండి మీదే పక్క కుప్పలో ఉన్నాయి, శెనక్కాయలు!

కొనేటప్పుడు చిన్న చిన్న బొక్కలున్న గడ్డను పక్కన పెట్టండి. ముక్కు పురుగు తొలిచినచోట గడ్డ తన్ను తాను కాపాడుకోవడానికి చేదు విషపదార్థాలు తయారుచేసుకుంటుంది. ఉడికించినా అవి పోవు. నల్లబడి చేదెక్కిన ముక్కను కోసి మిగతాది వండుకోవడం కూడా వద్దు, ఆ గడ్డ మొత్తాన్నీ పారేయండి.

పోయిన శివరాత్రికి అమ్మ ఒక్కపొద్దు ఉండొచ్చా, మాత్రలు ఎట్లా వేసుకోవాలి అని ముందే డాక్టరును అడిగాం. ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఉడికిన గడ్డ సగం ముక్క, గుప్పెడు శెనక్కాయలు తినింది. రెండు గంటలయ్యాక వేలు గుచ్చి చూస్తే అంకె హద్దులోనే ఉంది. "ఆ మిగిలిన సగం రేపటికి దాచు" అనింది అమ్మ.