మెడ మీద నలుపు మురికి కాదు

బొద్దుగా ఉన్న పిల్లల్లో కొందరికి మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, ముట్టుకుంటే మఖమల్‌లా మందంగా తగులుతుంది. ఇళ్లలో దాన్ని మురికి అనుకుని సున్నిపిండితోనో నిమ్మచెక్కతోనో గట్టిగా రుద్దుతారు. ఎంత రుద్దినా పోదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు అది చర్మ కణాలను కూడా అతిగా పెరిగేలా చేస్తుంది. వైద్యులు దీన్ని అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. ఆ బిడ్డకు షుగర్ పరీక్ష చేయిస్తే చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది. కానీ ఆ నార్మల్‌ను నిలబెట్టడానికి క్లోమం మామూలుకన్నా ఎంతో ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేస్తూ ఉంటుంది. అందుకే ఆ నలుపు కనిపించిన రోజే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

"ఎదిగే వయసు, పొడుగైతే అదే సర్దుకుంటుంది" అనే మాట కొందరి విషయంలో నిజమే అవుతుంది. అయిదారేళ్ల దాకా పిల్లలు ఏటా కొంచెం సన్నబడుతూ వస్తారు, ఆ తర్వాత మళ్లీ కండ పడతారు. ఆ మలుపు అయిదేళ్లు నిండకముందే వచ్చి, మూడు నాలుగేళ్లకే ఒళ్లు చేయడం మొదలైతే మాత్రం అది పెద్దయ్యాక ఊబకాయానికి దారితీసే అవకాశం ఎక్కువ. అలాంటి పిల్లల విషయంలో ఎదురుచూడటం పొరపాటు.

మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గ్రామీణ తల్లులకు పుట్టిన శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చింది. మన పిల్లలు దాదాపు 2.7 కిలోలతో పుట్టారు, వాళ్లు 3.5 కిలోలతో. మనవాళ్లలో కండ బాగా తక్కువగా ఉంది, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. యాజ్ఞిక్, బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ యుడ్‌కిన్ 2004లో తమ కొలతలనే లాన్సెట్ పత్రికలో పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 22.3. యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. కాబట్టి బరువు చూసి మాత్రమే ధైర్యం తెచ్చుకోలేం, కొవ్వు ఎక్కడ చేరిందో చూడాలి.

దానికి కుట్టుపని టేపు చాలు. బిడ్డను నిటారుగా నిలబెట్టి, చొక్కా పైకెత్తి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. ఊపిరి వదిలాక అంకె చూడండి. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. ఆరేళ్లు దాటిన పిల్లల్లో నడుం చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. 130 సెంటీమీటర్ల బిడ్డకు 65 హద్దు. ప్యాంటు కట్టే చోట కొలిస్తే కొలత తప్పుతుంది. బీఎంఐ కూడా లెక్కకట్టండి, కానీ పెద్దల హద్దులతో పోల్చకండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టుల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వయసువారీగా వేరువేరు గీతలున్నాయి.

కడుపు చుట్టూ చేరిన కొవ్వు మొదట దెబ్బతీసేది కాలేయాన్నే. నొప్పి ఉండదు, కామెర్లు ఉండవు. రక్తపరీక్షలో ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) అంకె ఆచూకీ ఇస్తుంది. ఇక్కడ చాలామంది మోసపోతారు: ల్యాబ్ కాగితం మీద 40 వరకు నార్మల్ అని అచ్చేసి ఉంటుంది, పిల్లల్లో నిజమైన పైహద్దు మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22 దగ్గర. 38 వచ్చిన రిపోర్టును నార్మల్ అని బీరువాలో పెట్టేయకండి. రక్తపోటు చూసేటప్పుడు పట్టీ సైజు గమనించండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది.

చిన్నతనంలో వచ్చే టైప్-2 మధుమేహం పెద్దల్లో కన్నా వేగంగా ముదురుతుంది. అమెరికాలో 10–17 ఏళ్ల మధ్య ఈ జబ్బు బయటపడిన దాదాపు 500 మందిని టుడే అనే అధ్యయనంలో ఏళ్ల తరబడి గమనించారు. 2021లో ఫలితాలు వచ్చేసరికి వాళ్ల సగటు వయసు 26. అప్పటికే 60 శాతం మందిలో కిడ్నీ, కన్ను, నరాల్లో కనీసం ఒకటి దెబ్బతింది. ఉద్యోగం, పెళ్లి అనే వయసులో ఇది.

రాత్రి గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచే పిల్లలు పగలు బడిలో నిద్రపోతారు, లేదా కుదురుగా కూర్చోలేరు. టీచర్ శ్రద్ధ లేదంటారు, ఇంట్లో తిడతారు. అసలు కారణం గొంతు చుట్టూ చేరిన కొవ్వు, లేదా వాచిన టాన్సిల్స్. తుంటి సంగతి ఇంకా అత్యవసరం. పది నుంచి పదిహేనేళ్ల లావు పిల్లలు మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే, మోకాలు ఎక్స్‌రే బాగానే ఉంటే, తుంటి ఎక్స్‌రే తప్పక తీయించాలి. తుంటి బంతి ఎముక ఎదుగుదల పొర దగ్గర జారితే నొప్పి మోకాలికి పాకుతుంది. అనుమానం వచ్చిన క్షణం నుంచి ఆ కాలి మీద నడవనివ్వకూడదు.

ఇక ఏం చేయాలి? ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు తగ్గించాల్సిన పనిలేదు, పెరగకుండా ఆపితే చాలు. ఎనిమిదేళ్ల పిల్లాడు 130 సెంటీమీటర్లు, 38 కిలోలు ఉంటే బీఎంఐ 22.5. రెండేళ్లలో 142 సెంటీమీటర్లకు పెరిగి, బరువు అక్కడే నిలిస్తే అది 18.8కి దిగుతుంది, ఊబకాయం గీతకు బాగా కిందికి. పూటలు మాన్పిస్తే కండ పోతుంది, దొంగచాటుగా తినడం అలవాటవుతుంది.

ముందుగా తాగే చక్కెర ఆపండి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఎనిమిది చెంచాల చక్కెర ఉంటుంది. పాలలో కలిపే పొడుల్లో కొన్నిటిలో మూడో వంతు చక్కెరే. పొడి రెండు చెంచాలు, పైన చక్కెర రెండు చెంచాలు, అలా రోజుకు రెండు గ్లాసులు తాగితే, పిల్లలకు రోజంతటికీ హద్దయిన 25 గ్రాములు పాలతోనే అయిపోతాయి. ఉత్త పాలు 400 మిల్లీలీటర్లు సరిపోతాయి. జ్యూస్ బదులు జామకాయ, బత్తాయి తొనలు ఇవ్వండి.

అన్నం మానక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండాలి. మన ఇళ్లలో కంచం నిండా అన్నం, అంచున చెంచాడు కూర. ఒక గరిటె అన్నం తగ్గించి, గట్టిపప్పు, గుడ్డు, వేపుడు కాని కూర పెంచితే ఆకలి ఆగుతుంది. టీవీ ముందు తింటే కడుపు నిండినట్టు తెలియదు. బడి నుంచి రాగానే ఉడికించిన శనగలో మొక్కజొన్న కంకో సిద్ధంగా ఉంటే బిస్కెట్ ప్యాకెట్ అడగరు.

రోజుకు గంటసేపు ఒళ్లు చెమటపట్టే ఆట, బడి ఈడు పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర ఉండాలి. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, మర్నాడు తీపి మీదికి మనసు పోతుంది. మార్పులు ఇంటిల్లిపాదికీ ఉండాలి. అన్నకు చిప్స్ ఇచ్చి చెల్లికి క్యారెట్ ఇస్తే అది శిక్షగానే మిగులుతుంది. "లడ్డూ", "బొండం" లాంటి ముద్దుపేర్లు కూడా మానేయండి. బడిలో అవే పేర్లు పట్టుకుని ఏడిపిస్తారు, బిడ్డ మైదానానికి వెళ్లడం మానేస్తుంది.

"థైరాయిడేమో" అని అడిగేవారికి ఒక గుర్తు: ఎక్కువ తినడం వల్ల లావైన పిల్లలు సాధారణంగా తోటివాళ్లకన్నా పొడుగ్గా ఉంటారు. లావుగా ఉండి పొట్టిగా ఉన్నా, ఎత్తు ఎదగడం ఆగినా హార్మోన్ పరీక్షలు చేయించాలి. మిగతావారికి నెలకోసారి బరువు, మూడు నెలలకోసారి ఎత్తు, నడుం కొలిచి రాసుకోండి. ఆరు నెలలైనా నడుం–ఎత్తు నిష్పత్తి దిగకపోతే ఆ కాగితంతోనే పిల్లల ఎండోక్రినాలజిస్టును (హార్మోన్ల డాక్టర్‌ను) కలవండి.